దాదా ఖలందర్ పరదా

పొద్దున్నే సంగటి ముందు కూర్చోగానే మదీనాబీ చేసే మొదటి పని, కొంగును తలమీంచి లాగి పళ్ళెం మీదికి గుడారంలా కప్పుకోవడం. ఆ గుడారంలో ఆమె, సంగటి ముద్ద, నంజుకునే ఊరిబిండి పచ్చడి మాత్రమే ఉండాలి. రంపపు పొట్టుకు లోపలికి ప్రవేశం లేదు.

"అత్తా, అట్ల ముసుగు కప్పుకుంటే గాలాడక సస్తావు," అంది కోడలు రంజాన్ బీ, కడవలో తేలుతున్న పొట్టును అరచేత్తో పక్కకు తోస్తూ.

"పొట్టు తిని సచ్చేదానికన్నా గాలాడక సచ్చేదే మేలు లేమ్మా," అని గుడారంలోంచి జవాబు వచ్చింది.

ఇంటి ముందున్న పెద్ద వసారాలోనే మదీనాబీ కొడుకు హుస్సేన్ బాషా వడ్రంగం పని. గుమ్మఘట్టకు కరెంటు వచ్చిన మరుసటేడు, అంటే అరవై మూడులో, ఊళ్ళో జనం ఇంకా బల్బు కింద నిలబడి తలలెత్తి మురిసిపోతున్న రోజుల్లో, బాషా ఏకంగా మోటారు రంపం తెచ్చి బిగించాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ అలాంటిది లేదు. దాని కూత ఊరి బయట మేకలు కాసేవాళ్ళకు కూడా వినబడేది. "బాషా మిషను యేసినాడప్పా" అనుకునేవారు. అబ్బ, ఆ మాట చెవిన పడితే వాడికి ఎంత పొంగో! మీసం లేనిచోట కూడా వేళ్ళు పెట్టి మెలితిప్పుకునేవాడు.

మదీనాబీకి మాత్రం రంపం కూత వినబడేది కాదు. దాని వెనకాల వచ్చే దగ్గు వినబడేది. బాషా దగ్గిన ప్రతిసారీ గుడారంలో ఆమె చెయ్యి ముద్ద మీదే ఆగిపోయేది.

ఆమె భర్త దాదా ఖలందర్ దూదేకేవాడు. విల్లు మీటితే పింజలు లేచి గదంతా కమ్ముకునేవి. అవే అతని ముక్కులోకి, గొంతులోకి పోయాయి. మొదట పొడి దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత మంచం. ఊపిరి అందకే పోయాడు. అతను పోయాక మదీనాబీ విల్లును అటకెక్కించి, కొడుకును రాయదుర్గంలో ఒక వడ్రంగి దగ్గర పనికి పెట్టింది. "కట్టె పని నేర్చుకో నాయనా. కట్టె ఎగరదు" అని చెప్పి మరీ పంపింది. చేతి రంపం ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజమే. పొట్టు కాళ్ళ దగ్గరే కుప్పగా పడేది. ఈ మోటారు రంపం వచ్చి కట్టెను పిండి చేసి గాల్లోకి లేపింది. దూదికి తప్పించానని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్న తల్లికి ఇంక నిద్రెక్కడిది?

వసారాలో రంపం ఆగింది. దగ్గు ఆగలేదు.

"రే బాషా, రవ్వంత నీళ్ళు తాగి పోరా."

"పొడి దగ్గేలేమా. పోతాది."

"మీ నాయన గూడా ఇదే మాట అంటాండె."

బాషా చెంబెత్తి గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. కనురెప్పల మీద కూడా పొట్టే. "ఊరికే పరేషాన్ అయితావేందిమా? బళ్ళారి నుంచి ఫ్యాను తెప్పిస్తాండా. ఉత్త ఫ్యాను గాదు, మనిషెత్తుది. మిషను ఎనకాల పెట్టి తిప్పితే పొట్టంతా ఒక్క ఊపున ఈదిలోకి పోతాది. చెనక్కాయలు తూర్పార పట్టల్యా మనము? గాలి తగిలితే పొట్టు పోతాది, అంతే."

"పోతే యాడికి పోతాది?"

"పోయేకాడికి పోతాది!"

"ఎగిరేదాన్ని ఊదరాదురా. ఊదితే ఇంకా ఎగురుతాది. దాన్ని ఒడిసి పట్టల్ల."

"నీకు దూది తెలుసుమా. మిషను తెలీదు. గమ్మునుండు."

గమ్మునుండమంటే ఉండే మనిషేనా ఆమె! కానీ ఆ పూటకు ఊరుకుంది. ఊళ్ళో ఎవరినడిగినా బాషా మాటే చెప్పేవారు మరి. ఏటికేడు వానకు మొహం వాచే ఆ నేలమీద గాలికి మాత్రం ఏనాడూ కరువు లేదు. కళ్ళంలో చేట ఎత్తి పట్టుకుంటే చాలు, పొట్టును గాలే మోసుకుపోతుంది. అది ఎక్కడ పడుతుందని అడిగినవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు.

ఫ్యాను వచ్చింది. నిజంగానే మనిషెత్తుంది. ఆకుపచ్చ రంగు, ఇత్తడి రెక్కలు. రంజాన్ బీ అద్దంలో చూసుకున్నట్టు ఆ రెక్కల్లో మొహం చూసుకుంది. బాషా దాన్ని ఊరికే తిప్పితే బాషా ఎట్లా అవుతాడు? శుక్రవారం నమాజు అయ్యాక అందరూ రావాలని ఊరంతా చెప్పుకొచ్చాడు. పంచాయతీ ప్రెసిడెంటు ఈశ్వరప్పనైతే ఇంటికి వెళ్ళి మరీ పిలిచాడు. కొత్త బడికి బెంచీలు ఎవరిచేత చేయించాలో తేల్చేది ఆయనే.

ఈశ్వరప్ప మల్లెపువ్వులాంటి పంచె, చొక్కాతో వచ్చి వసారా ముందు కుర్చీలో కూర్చున్నాడు. రంజాన్ బీ టీ ఇచ్చింది. కొలిమి పెట్టుకుని బతికే పక్కింటి ఓబుళేసు కూడా పని ఆపి వచ్చాడు. అరుగుల మీద, ప్రహరీ గోడ మీద జనం. మదీనాబీ లోపలి గడప దగ్గర నిలబడి, ఎవరూ చెప్పకుండానే కొంగును ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

బాషా వేపదుంగను మిషను మీద పెట్టి, ఒకసారి అందరినీ చూసి, ఫ్యాను మీట నొక్కాడు. తర్వాత రంపం వేశాడు.

ఎర్రటి పొట్టు దుమారంలా లేచింది. వీధి దాకా బాగానే పోయింది. జనం "ఆహా" అన్నారు కూడా. అది ఆషాఢమాసం. పడమటి గాలి ఏ వేళప్పుడు వీస్తుందో ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు, మన బాషాకు ఆ రోజు గుర్తు రాలేదు, అంతే. వీధిలోకి పోయిన పొట్టును ఆ గాలి అట్లాగే ఎత్తి వెనక్కి కొట్టింది. ముందు ఫ్యాను, వెనక గాలి. నడిమధ్యలో కుర్చీ వేసుకుని ప్రెసిడెంటు.

రంపం ఆగేసరికి ఈశ్వరప్ప బెల్లం పాకంలో ముంచి తీసిన మనిషిలా ఉన్నాడు. పాపం, ఏం చెయ్యాలో తోచక చేతిలో టీ గుటకేసి, తూ అని ఉమ్మాడు. "ఏందప్పా ఇది, ఏపాకు కషాయమా?"

గోడ మీదినుంచి ఎవడో అన్నాడు. "ఏమప్పా బాషా! చెనక్కాయలు తూర్పార పడతావంటే వస్తిమి. ప్రెసిడెంటును పట్టినావే!"

జనం పగలబడి నవ్వారు. ఓబుళేసు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఈశ్వరప్ప లేచి పంచె దులుపుకుని, "బెంచీల సంగతి మళ్ళా సూస్తాంలే" అని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా బాషా తల ఎత్తలేదు.

జనం పోయాక ఇంట్లో మొదలైంది అసలు దుమారం.

"తృప్తిగా ఉండాదా నీకు?" అని బాషా తల్లి మీదికి లేచాడు. "నోరు తెరిస్తే వద్దు వద్దు అంటివి. అట్లనే అయింది. ఊరి ముందర నా ఇజ్జత్ పాయె!"

"నేనేమన్నా పడమటి గాలిని పిలుచుకొస్తినా?"

"ఎగతాళి చెయ్యొద్దు మా!"

"ఎగతాళి గాదురా. ఆ మిషను అమ్మేసి చేతి రంపం పట్టుకో. నీ దగ్గు నేను ఇనలేను."

"అమ్మను! సచ్చినా అమ్మను!" గొంతు చించుకుని అరిచేసరికి వాడికి దగ్గు తెర వచ్చింది. వంగి, మిషను బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గాడు. తలెత్తి, ఆ ఉక్రోషంలోనే అనేశాడు. "నాయన దూదితో పాయె. నేను కట్టెతో పోతా. నీకేంది?"

రంజాన్ బీ చేతిలో చీపురు కింద పడింది. "ఏం మాట్లాడతాండావయ్యా నువ్వు?" అంది.

మదీనాబీ లోపలికి వెళ్ళి నిచ్చెన వేసుకుంది. కోడలు "అత్తా, పడతావు" అంటూ పరిగెత్తి పట్టుకుంది. అటక మీద విల్లు పక్కనున్న మూటను దించి, తెచ్చి, కొడుకు ముందు విప్పి పడేసింది. చిక్కటి నేత కోరాగుడ్డ. ఒక మనిషి చుట్టూ గుడారం వేసేంత ఉంది. మధ్యలో చేతులు దూర్చడానికి రెండు చీలికలు, వాటి అంచులకు కుట్లు.

"ఇదేంది?" అన్నాడు బాషా.

"మీ నాయన పరదా. నా చేత్తో కుట్టినా." ఆమె చీలికల్లో చేతులు దూర్చి చూపించింది. "విల్లు, దూది లోపల. ఆయన బయట. చేతులు మాత్రం దీంట్లో పెట్టి ఏకుతాండె. కట్టిన కొన్నాళ్ళకే దగ్గు నెమ్మదించింది. నాకు పానం లేచొచ్చింది. అంతలో అరుగుల మీద కూసున్నోళ్ళకు నోరు దురద పుట్టె. ఖలందరు పరదా కట్టినాడు, ఘోషా మనిషి అయినాడు అని ఒకటే నవ్వు. ఆ మాట పడలేక మీ నాయన దీన్ని పీకి నా మొగాన కొట్టినాడు."

"నువ్వేమంటివి?"

"అదేరా! ఏమంటి నేను? మొగోని ఇజ్జత్ గదా అని మడిచి అటక మీద పెడితి. ఒక్క మాట అనల్యా. ఆ పొద్దు నేను కొట్లాడింటే, ఈ పొద్దు నీ మిషను పక్కన కూసోని బీడీ తాగుతాండు మీ నాయన." కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "ఆయన ఇజ్జత్ కాపాడినా. ఆయన్ను కాపాడుకోలేకపోతి. ఈసారి ఊరుకోను బాషా. నీ ఇజ్జత్ నాకొద్దు. నువ్వు కావల్ల."

బాషా కింద కూర్చుని ఆ గుడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఏం చెప్పాలో తెలియని మనిషి చేతిలో ఏది ఉంటే దాన్ని తిప్పి చూస్తాడు కదా, అట్లా తిప్పి చూశాడు. కుట్ల సందుల్లో ఇంకా పాతదూది అంటుకుని ఉంది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పనివాడి చూపు ఎక్కడికి పోతుంది!

"మా," అన్నాడు మెల్లగా. "దూదంతా లోపలి పక్కనే ఉండాది. బయట ఒక్క పింజ ల్యా."

"మరి? దానికే గదా కుట్టింది."

"గాలి బయటికి వచ్చింది. దూది లోపలే నిలిచింది." లేచి నిలబడ్డాడు. మొహం మారిపోయింది. "నాకు ఊదేది కాదుమా కావాల్సింది. పీల్చేది! పీల్చి గుడ్డ సంచిలోకి కక్కల్ల. ఓబుళేసన్న కొలిమి కాడ చేత్తో తిప్పే బ్లోయరు ఉండాది చూడు, దాని పక్కన నిలబడితే బొక్కలోకి నా చొక్కా కొస లాక్కుంటాది. మూతి కాడ ఊదల్లంటే పక్కనుంచి పీల్చల్ల గదా! ఇన్నాళ్ళూ అందరం మూతి దిక్కే చూస్తిమి!"

"నేను చెప్పిందీ అదే గదరా, ఒడిసి పట్టమని."

"చెప్పినావు. ఎట్ల పట్టల్లనో చెప్పల్యా."

"అన్నీ నేనే చెప్తే నువ్వేంటికి?"

రంజాన్ బీ ఫక్కున నవ్వింది. పొద్దుటినుంచి ఆ ఇంట్లో మొదటి నవ్వు అది.

సోమవారం బళ్ళారి బస్సులో తల్లీకొడుకులు ఇద్దరూ ఉన్నారు. ఫ్యాను బస్సు పైన, మదీనాబీ కిటికీ పక్కన. కొంగు ముడిలో పిడికెడు దూది. "అదేంటికిమా?" అంటే చెప్పలేదు.

అంగడి సేటు ఫ్యానును వెనక్కి తీసుకోవడానికి కాసేపు గొణిగి, పెద్దదేదో కొంటారని తెలిసి ఒప్పుకున్నాడు. బ్లోయర్లు వరసగా పెట్టించాడు. అన్నిటికంటే పెద్దది నీలిరంగుది. దాన్ని పనివాడిచేత తిప్పించి, మూతి ముందు కాగితం ముక్క పట్టుకుంటే అది రెపరెపలాడి అంగడి బయట పడింది. బాషా కళ్ళు మెరిశాయి. వద్దన్నా పోని జబ్బు అది. పెద్దది, రంగుది కనబడితే చాలు వాడికి.

మదీనాబీ మాత్రం మూతి దగ్గరికి పోలేదు. చుట్టూ తిరిగి పక్కనున్న బొక్క దగ్గర నిలబడి, కొంగు ముడి విప్పింది.

"ఏనమ్మా, గాలి ఈ పక్క వస్తాది. ఆ పక్క ఏం చూస్తావు?" అన్నాడు సేటు.

"వచ్చేది అందరూ చూస్తారప్పా. నేను పోయేది చూస్తాండా."

పింజను వేళ్ళతో విదిల్చి బొక్కకు జానెడు దూరంలో వదిలింది. పనివాడు తిప్పుతున్నాడు. పింజ అటు ఊగింది, ఇటు ఊగింది, బొక్క అంచు దాకా పోయి, ఇరుసు పక్క సందులోంచి వచ్చే గాలికి తిరిగి బయటికి వచ్చి, తేలుకుంటూ పోయి సేటు మీసం మీద వాలింది.

"ఇదొద్దు," అంది మదీనాబీ. "నోరు పెద్దది. మింగను చాతగాదు."

సేటుకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పనివాళ్ళంతా చేరారు. తర్వాతదానికి పింజ కొంత లోపలికి పోయి రెక్కకు చుట్టుకుని నిలిచింది. అప్పుడు బాషా తల్లి చేతిలోంచి దూది తీసుకున్నాడు. మూలన, ఎవరూ అడగక దుమ్ము పట్టిన నల్లటి చిన్న బ్లోయరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇరుసు పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. బొక్కలో వేలు పెట్టి రెక్కకూ గోడకూ మధ్య సందు తడిమాడు.

"తిప్పప్పా," అన్నాడు.

పింజను మూరెడు దూరంలో వదిలాడు. అది సర్రున లోపలికి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు, మూతిలోంచి బయటపడి గోడకు తగిలినప్పుడు తెలిసింది. ఇంకోటి వదిలాడు. అదీ అంతే. జేబులోంచి ఇంటి దగ్గర వేసుకున్న గుప్పెడు రంపపు పొట్టు తీసి చల్లాడు. నేల మీద ఒక్క పలుకు మిగల్లేదు.

"ఇదేమా," అన్నాడు. "చిన్నదే. అయినా మోటారు పక్క పెద్ద చక్రం, దీని పక్క చిన్న చక్రం ఏస్తే ఈ మనిషి చెయ్యి తిప్పేదానికంటే శానా జోరుగా తిరుగుతాది. రంపం మోటారుకే ఇంకో బెల్టు ఏస్తా. రంపం తిరిగితే ఇదీ తిరగాల్సిందే."

చక్రాల సంగతి మదీనాబీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కొడుకు మొహం మాత్రం అర్థమైంది. నీలిరంగుది పక్కనే ఉన్నా వాడు మళ్ళీ దానివైపు చూడలేదు. ఆమె సేటు వైపు తిరిగి, "ఏసుకో బిల్లు. మా వాడు చెప్పినాడంటే అంతే," అంది. ఆ మాట ఆమె నోటినుంచి రావడం బాషా పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. వాడు దుడ్లు లెక్కపెట్టడం మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఊరికొచ్చాక బాషా మిషను బల్ల కింద చుట్టూ పలకలు కొట్టి, అడుగుకు వచ్చేసరికి సన్నబడే తొట్టి చేశాడు. దానికి తగ్గట్టు ఓబుళేసు రేకు గొట్టం చుట్టి ఇచ్చాడు. "ఆ పొద్దు నవ్వినందుకు కూలి తీసుకోనులేప్పా" అన్నాడు. గొట్టం ఒక కొస తొట్టికి, ఇంకో కొస బ్లోయరు బొక్కకు. ఇంక మిగిలింది మూతికి కట్టే సంచి.

బాషా కొత్త గుడ్డ తేవడానికి లేచాడు. మదీనాబీ పరదాను, కత్తెరను తెచ్చి కూర్చుంది.

"వద్దుమా. అది నాయన జ్ఞాపకం. దాచిపెట్టుకో."

"ఇన్నాళ్ళు దాచిందానికి ఏం దక్కింది నాయనా?" అంటూ కత్తెర వేసింది. "ఆయనకు పనికి రాకపాయె. నీకన్నా పనికి రానీ." రంజాన్ బీ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని పొడవాటి సంచి కుట్టారు. చేతుల చీలికలను రెండు పొరలుగా మూసేశారు.

ఈసారి బాషా ఎవరినీ పిలవలేదు. పిలవకపోయినా గుమ్మఘట్టలో జనం రాకుండా ఉంటారా! ముందటి శుక్రవారం నవ్విన గోడ మళ్ళీ నిండింది. వీధిలో పోతున్న ఈశ్వరప్ప కూడా ఆగాడు. ఆగాడు గానీ, చొక్కా తెల్లది కాబట్టి ఎందుకైనా మంచిదని అవతలి గట్టునే ఆగాడు.

అప్పుడు మదీనాబీ ఏం చేసిందో చూడండి. లోపలినుంచి సంగటి పళ్ళెం తెచ్చింది. పీట తెచ్చింది. సరిగ్గా రంపం పక్కన, దాని పళ్ళచక్రం తిరిగే చోటికి బారెడు దూరంలో వేసుకుని కూర్చుంది. కొంగు భుజం మీదే ఉంది.

"మా, తొలిసారి ఏస్తాండా. పక్కకు జరుగు," అన్నాడు బాషా.

"ఎయ్యి."

"పొట్టు పడితే..."

"ఎయ్యిరా బాషా!"

బిస్మిల్లా అనుకుని మీట నొక్కాడు. రంపం కూసింది. బ్లోయరు గుర్రుమంది. గోడ పక్కన వేలాడుతున్న సంచి మెల్లగా కదిలి, ఊపిరి తీసుకుని, పొంగి నిలబడింది. బాషా వేపదుంగను తోశాడు. కట్టె తెగుతోంది. గొట్టంలో పొట్టు గలగలమని పోతున్న చప్పుడు అందరికీ వినబడుతోంది. రంపం అంచున ఎక్కడో సన్నటి ధూళి ఒక్క గీతలా లేచి, బల్ల సందులోకే తిరిగి పోయింది.

గోడ మీదినుంచి మళ్ళీ అదే గొంతు. "ఏమప్పా బాషా, మిషనుకు పరదా కట్టినావే!"

నవ్వు మొదలవబోయింది. మదీనాబీ చేతిలో ముద్ద ఆగింది. ఆ మాట, ఆ అరుగుల మీది మాటే, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఇంటి ముందుకే వచ్చింది. ఆమె కొడుకు మొహం చూసింది.

బాషా రంపం ఆపాడు. అందరికీ వినబడేలా అన్నాడు. "అవునప్పా, పరదానే. మా నాయనది. మా యమ్మ కుట్టింది. దీని మాదిరిది ఈ జిల్లాలో ఇంకో ఇంట్లో ఉంటే చూపియ్యి, నీ కాడ నీళ్ళు మోసే బిస్తీ పని చేస్తా."

నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు. ఈశ్వరప్ప వీధి దాటి వసారాలోకి వచ్చాడు. మిషను బల్ల మీద వేలుతో గీసి చూశాడు. ఆ వేలిని తన తెల్లచొక్కాకే తుడుచుకుని, చొక్కా వంక చూసుకున్నాడు. మరక పడలేదు. "ఏమమ్మా మదీనాబీ, ముసుగు ఏసుకోకుండా తింటాండావే!" అన్నాడు.

"ముసుగు మిషనుకు ఏసినాం గదన్నా. నాకేంటికి?" అంది ఆమె. "మా బాషా కట్టినాడు ఇది. బళ్ళారి సేటే నోరు తెరిచినాడు. మీ బడికి బెంచీలు కావల్లంటే చెప్పు, తీరికుంటే చేస్తాడు."

"తీరిక చేసుకోమనమ్మా," అని ఈశ్వరప్ప నవ్వాడు. "టీ మాత్రం ఈసారి నేనే తెచ్చుకుంటా."

బాషా మళ్ళీ రంపం వేశాడు. దుంగ వెంట దుంగ కోస్తూనే ఉన్నాడు. మదీనాబీ చెవులు అలవాటుగా దేనికోసమో కాచుకుని ఉన్నాయి. అది రాలేదు. రంపం కూత, ఈసారి ఉత్త రంపం కూతే, ఆమెకు మొదటిసారిగా నిండుగా వినబడింది. ఎంత గట్టిగా ఉందో! మేకలవాళ్ళకు వినబడిందంటే వినబడదూ మరి!

రంపం ఆపి బాషా తల్లి పళ్ళెంలోకి తొంగి చూశాడు. ఒక్క పలుకు లేదు.

"చెప్తి గదరా నాయనా," అంది మదీనాబీ. "కట్టె ఎగరదని."

రంజాన్ బీ వచ్చి అత్త కళ్ళు తుడవబోతే చెయ్యి తోసేసింది. "ఊరిబిండిలో కారం ఎక్కువేసినావు. పో, నీళ్ళు తేపో," అని, బయటనున్న జనమంతా చూస్తుండగా ఇంకో ముద్ద కలుపుకుంది.